ఫొటో కోసం నాటిన గంగరావి

మా మేడమ్ పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ బస్సు కండక్టర్ చెప్పాడు. ఆ బస్సు రోజూ నంద్యాల మొదలవడానికి ముందే, కొత్త లేఅవుట్ ఆర్చీ దగ్గర ఆగేది. అక్కడ స్టాపు లేదు. ఆవిడ ఆపమనేవారు, ఆగేది. ఆ ఉదయం కూడా ఆగింది. నేను ఎదురుగా టీ కొట్టులో అలవాటు ప్రకారం రెండు టీలు చెప్పి నిలబడ్డాను. మేడమ్ దిగలేదు. కండక్టరే దిగాడు.

"నీ కోసరమే ఆపినా అప్పా. మీ మేడమ్ ఇంక రాదు. తెల్లారుజామున నిద్రలోనే పోయిందంట."

బస్సు వెళ్లిపోయింది. రెండు టీలు వచ్చాయి. రెండూ నేనే తాగాను. అలాంటప్పుడు ఇంకేం చేయాలో నన్ను ఇంజనీరుగా తీర్చిదిద్దిన కాలేజీ చెప్పలేదు.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు చెట్ల విషయంలో నా ఘనకార్యం ఒకటి మనవి చేసుకోవాలి. ఈ చుట్టుపక్కల నాకన్నా ఎక్కువ చెట్లు నాటినవాడు లేడు. కంప్యూటర్లో. నేను ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తాను. కొత్త లేఅవుట్‌కు అనుమతి రావాలంటే ప్లానులో రోడ్ల వెంబడి చెట్లు చూపించాలి. చెట్టంటే ఒక పచ్చటి సున్నా. ఒకటి గీసి, కాపీ కొట్టి, వీధి పొడవునా అతికించుకుంటూ పోవడమే. నా చెట్లు ఆకు రాల్చవు, కరెంటు తీగలకు తగలవు, నీళ్లు అడగవు. ఇంత వనసేవ చేసినా ఇంతవరకు ఏ సంఘమూ నాకు శాలువా కప్పలేదు.

మేడమ్ అప్పట్లో టౌన్ ప్లానింగ్ అధికారి. ఉద్యోగంలో అవే ఆఖరి నెలలు. ఆ ఆర్చీ లోపలి లేఅవుట్‌ను తనిఖీ చేయడానికి వచ్చారు. ప్లాను గీసింది నేనే కాబట్టి, దాన్ని విప్పి పట్టుకునే గౌరవం కూడా నాకే దక్కింది.

తనిఖీకి ముందు రోజు ట్రాక్టరు నిండా కొమ్మలు తెప్పించడం మా వైపు లేఅవుట్లలో ఆనవాయితీ. గుంతకో కొమ్మ పాతి, కాసిని నీళ్లు చల్లి, ఫొటోలు తీస్తారు. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు. పెళ్లికి పందిరి వేసినట్టే తనిఖీకి చెట్లు వేస్తారు. పెళ్లివారు వెళ్లిపోయాక పందిరి ఏమైందని ఎవరడుగుతారు?

మేడమ్ అడిగారు. మొదటి కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగితే, కరివేపాకు రెబ్బలా చేతిలోకి వచ్చేసింది.

"ఏందప్పా ఇది?"

"చెట్టు మేడమ్. మొన్ననే నాటినాం," అన్నాడు లేఅవుట్ యజమాని.

"మరి వేర్లు యాడికి పోయినాయి?"

"ఇంకా చిన్నది కదా మేడమ్. వస్తాయి."

ఆవిడ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కొమ్మలన్నీ పీకుకుంటూ, పక్కన కుప్ప పోసుకుంటూ నడిచారు. ఆఖరి కొమ్మ దగ్గర ఆగారు. గోటితో బెరడు గీరి చూశారు.

"ఇది గంగరావి. బాగా లావుది కొట్టుకొచ్చినారు. దీన్ని మళ్ల పాతండి. మీరు వద్దన్నా బతికేట్టుంది."

తర్వాత నా వంక తిరిగారు. "ఈ సున్నాలు గీసింది నువ్వేనా?"

"నేనే మేడమ్," అన్నాను, కొంచెం గర్వంగానే.

"రా. నువ్వు గీసిన చెట్టు కింద నిలబడు."

ప్లాను చూస్తూ చోటు లెక్కగట్టి, నా పచ్చటి సున్నా నేలమీద ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ నిలబెట్టారు. తానూ పక్కన నిలబడ్డారు. టీలు తెప్పించారు. నంద్యాల ఎండ మా ఇద్దరి నెత్తినా సమానంగా పడుతోంది.

"చల్లగా ఉందా?"

"ఉంది మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "అట్లయితే ఇంకో టీ తాగు."

ఫైలు వెనక్కి వచ్చింది. అసలు చెట్లు నాటాక గానీ కదల్లేదు. ఆవిడ రిటైరైన కొద్ది రోజులకే మా ఓనరు, ఇన్నేళ్లూ ఆవిడ చేతిలో ఫైళ్లు వెనక్కి తెచ్చుకున్న అనుభవంతో, ఆవిడకు మా ఆఫీసులోనే కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ నా పక్కన పడింది. నా సుఖం అక్కడితో సరి.

కాపీ కొట్టడం బంద్ అయింది. ఒక్కో సున్నా మీద వేలు పెట్టి "దీని పేరేంది?" అనేవారు. వేపో, కానుగో పేరు చెప్పాలి. పైన కరెంటు తీగ ఉందో లేదో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ సున్నా చెరిపించేవారు. నాది బండల గనులున్న బేతంచెర్ల అని తెలిశాక మరీ అలుసైపోయాను. వీధుల్లో చెట్టు మొదలు దాకా బండలు పరిచిన ఇల్లు కనిపిస్తే చాలు, "చూడప్పా, మీ ఊరోళ్లు చెట్టు గొంతు మీద కూచున్నారు," అనేవారు. ప్రపంచంలో ఉన్న బండలన్నీ మా నాయనే పరిచినట్టు.

సంచిలో గొడుగు ఉండేది. ఎంత ఎండలోనూ తీసేవారు కాదు. అడిగితే, "తీస్తే నాకు చల్లగుంటాది. ఈ వీధిలో చెట్టు లేదన్న సంగతి మర్చిపోతా," అన్నారు.

రోజూ ఆర్చీ దగ్గర దిగేది ఆ గంగరావి కోసమే. ఆళ్లగడ్డ నుంచి తెచ్చుకున్న సీసాలో మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోసేవారు. ఇద్దరం అక్కడే టీ తాగి, నా బండి మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లం.

"మేడమ్, అది ఆళ్లగడ్డ నీళ్లకు అలవాటు పడితే రేపు నంద్యాల నీళ్లు తాగదు," అన్నానొకసారి.

"నువ్వు తాగుతాండావు కదా, ఊరుగాని ఊళ్లో. అదీ తాగుతాది."

ఆ రోజుల్లోనే కొత్త లేఅవుట్లలో చెట్లకు సంబంధించిన నిబంధనలు మారుస్తున్నారని, అందరి సలహాలు వింటారని తెలిసింది. మేడమ్‌కు కావలసింది ఒకే ఒక్క మాట. తనిఖీ రోజు చెట్లు లెక్కపెట్టకూడదు. నాటాక రెండు ఎండాకాలాలు గడిచాక లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఆఖరి అనుమతి ఇవ్వకూడదు. ఈ మాట ఆవిడ మాకు చెప్పారు, టీ కొట్టాయనకు చెప్పారు, కండక్టర్‌కు చెప్పారు.

"ఉద్యోగంలో ఉన్నన్ని దినాలూ చెప్పినా. తల ఊపినారు, రాసుకోలా," అన్నారు నాతో. "ఈ గంగరావి రెండో ఎండాకాలం దాటనీ. అందర్నీ ఈడికే పిల్చకొచ్చి చూపిస్తా. ఫొటో కోసరం పెట్టిన కొమ్మే బతికితే, నిజంగా నాటినవి బతకవా?"

గంగరావి మొదటి ఎండాకాలం దాటింది. చిటికెన వేలంత చిగుళ్లు పెట్టింది. రెండోది ఇంకా మొదలుకాకముందే మేడమ్ వెళ్లిపోయారు.

ఆ రోజు శిరివెళ్ల మీదుగా బండి మీద ఆళ్లగడ్డ వెళ్లాను. ఆవిడ ఇల్లు చూడడం అదే మొదటిసారి. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయారు. పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డు. వీధంతా బండలు. ఆవిడ గుమ్మం ముందు మాత్రం మట్టి, దాంట్లో ఒక వేపచెట్టు. వీధిలో మిగతా చెట్లన్నీ రాతి పొడి పట్టి తెల్లగా ఉంటే, అది ఒక్కటే పచ్చగా ఉంది.

ఉలి చప్పుడు ఆపేసి షెడ్డు బయట కూర్చున్న శిల్పి నాకు చోటిచ్చాడు. "ఆయమ్మ దినామూ పైపు పెట్టి ఆకులు కడుగుతాండె అన్నా. మా దుమ్మేనని మమ్మల్ని తిడతాండె. తిట్టినాక టీ పంపుతాండె." నా వైపు తిరిగి అడిగాడు, "నువ్వేమైతావు ఆయమ్మకు?"

ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్నకు లేదు. "పక్క కుర్చీ," అన్నాను. అతను తల ఊపాడు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. మేడమ్ తెచ్చేలాంటి సీసా ఒకటి నా సంచిలోకి చేరింది. గదిలో ఒక్కణ్ణే లేచి, నీళ్లు నింపుకుని, ఆర్చీ దగ్గర పోసి, ఒక్కణ్ణే టీ తాగి ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. అక్కడ పక్క కుర్చీలో ఓనరు ఫైళ్లు పెట్టించాడు. సున్నా గీశాక దాని పేరు పైకే చెప్పేవాణ్ణి. వినేవాళ్లు లేకపోయినా నోరు ఊరుకునేది కాదు. కాపీ కొడితే ఎవరూ అడగరు. అందుకే కొట్టలేకపోయాను.

సలహాల సమావేశం ఆ ఎండల్లోనే పెట్టారు. లేఅవుట్లు వేసేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు, మాలాంటి ప్లాన్లు గీసేవాళ్లు ఒక హాల్లో చేరారు. నా వంతు వచ్చినప్పుడు లేచి మేడమ్ మాట చెప్పాను. ముందు వరసలోంచి ఒక పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"రెండు ఎండాకాలాలా? అన్ని దినాలు చెట్టుకాడ కాపలా ఎవురుంటారప్పా? నువ్వుంటావా?"

హాలంతా నవ్వింది. జోకు బాగానే ఉంది, నేనైనా అదే వేసేవాణ్ణి. నా వంతు జోకు కోసం వెతుక్కుంటే గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"ఉంటానే ఉండాను అన్నా."

ఎక్కడని అడిగారు. ఆర్చీ పేరు చెప్పాను. గంగరావి గురించి చెప్పాను, అది ఫొటో కోసం పాతిన కొమ్మ అన్న సంగతితో సహా. ఈసారి ఎవరూ నవ్వలేదు. వేదిక మీద ఉన్నాయన తల ఊపాడు. తల ఊపడం గురించి మేడమ్ చెప్పింది గుర్తొచ్చి, నేను కూర్చోకుండా అలాగే నిలబడ్డాను. చివరికి ఆయన పెన్ను తీసి రాసుకున్నాడు.

కొత్త నిబంధనల్లో ఆ మాట వచ్చింది. రెండు ఎండాకాలాలు కాదు, ఒకటి. తనిఖీ నాడు ఒకసారి, ఒక ఎండాకాలం గడిచాక మరోసారి లెక్కపెడతారట. అడిగినదాంట్లో సగం. మేడమ్ ఉంటే సంతోషపడేవారో, నన్ను ఎండలో నిలబెట్టేవారో చెప్పలేను. చెప్పలేకపోవడమే కష్టంగా ఉంది.

మొన్న తొలి వాన పడింది. గంగరావి రెండో ఎండాకాలం దాటేసింది. మర్నాడు ఉదయం టీ గ్లాసుతో దాని దగ్గరికి వెళ్లాను. నేల ఇంకా తడిగానే ఉంది, సీసా తీయాల్సిన పని లేదు. ప్లానులో నేను దానికిచ్చిన సున్నా కింద పెళ్లి భోజనాలు పెట్టొచ్చు. అసలు నీడ మాత్రం ఒక్క మనిషికి సరిపోతుంది, అదీ కదలకుండా నిలబడితే. ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. ఆర్చీ దగ్గర కాస్త నెమ్మదించింది. కండక్టర్ తల బయటపెట్టి చెట్టును చూశాడు, నన్ను చూశాడు. బస్సు వెళ్లిపోయింది. నేను ఆ నీడను వదిలిపెట్టి, ఒక అడుగు ఇవతల, ఎండలో నిలబడి టీ తాగాను.