దింపనివ్వని గేర్‌బాక్సు

గేర్‌బాక్సు దింపి బాగుచేయడానికి మెకానిక్ పద్దెనిమిది వేలు అడిగితే, ఆ ధరను సున్నాకు తెచ్చినదాన్ని గోదావరిఖనిలో నేనొక్కదాన్నే. ఎలాగంటే, దింపనివ్వలేదు. తెలివితక్కువ నిర్ణయమే, కాదనను. కానీ అంత తెలివితక్కువ పని అంత ధీమాగా చేయాలంటే నాలా కిరాణా కొట్టులో పుట్టి పెరగాలి.

ఇప్పుడు నాది చీరల కొట్టు. ఒకప్పుడు పెద్దపల్లి నుంచి సరుకు రావాలంటే మా బావ, అంటే మా ఆయన అన్న, ట్రాలీ ఆటో ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. అది ఖాళీ అయ్యేసరికి పండగ వెళ్లిపోయేది. అందుకే ఈ పాత కారు కొన్నాను. వానలు మొదలయ్యాక గేర్లు మొరాయించాయి. రివర్స్ వేస్తే గరగరమన్న చప్పుడుకు వీధి వీధంతా తలలు తిప్పేది. రెండో గేరు పడాలంటే చెయ్యి చాలదు, భుజం కావాలి.

మెకానిక్ ఒక రౌండు తిప్పి వచ్చి, "గేర్‌బాక్సు దించాలె అక్కా, పద్దెనిమిది వేలైతయి" అన్నాడు. నాతో వచ్చిన బావ ముఖం వెలిగింది.

"గంత పెట్టుడెందుకమ్మా? అమ్మెయ్. నా ఆటో లేదా?"

"ఉన్నది బావా. సరుకు తెచ్చే టైముకే ఉంటలేదు."

"ఆడోళ్లకు గేర్ల బండి ఎందుకంటే ఇనకపోతివి. ఇప్పుడు సూడు, గరగర."

"గరగరమనేది గేరు బావా, నేను కాదు."

కారు అమ్మితే మళ్లీ నా కొట్టు ఆయన ఆటో వెనకే. తాళంచెవి అందుకుని బండి ఇంటికి తెచ్చేశాను. గేర్ల గురించి నాకేమీ తెలియదు. కానీ చిరిగిందని ఎవరైనా చీర తిరిగి తెస్తే, నేసినవాణ్ని తిట్టేముందు ఎక్కడ చిరిగింది, ఎప్పుడు చిరిగింది అని అడగడం తెలుసు. కారునూ అలాగే అడిగాను. ఇంజన్ ఆపి గేర్లు మార్చాను. రివర్స్‌తో సహా అన్నీ మెత్తగా పడ్డాయి. స్టార్ట్ చేశాను. మళ్లీ అదే రభస.

మర్నాడు షెడ్డుకెళ్లి మెకానిక్‌ను నిలదీశాను.

"ఇంజన్ బందున్నప్పుడు మంచిగ పడుతున్నయి. తప్పు గేర్‌బాక్సుదైతే అప్పుడు గూడ పడొద్దు గద అన్నా?"

అతను తల గోక్కున్నాడు. "అయితే క్లచ్ పూర్తిగ ఇడుస్తలేదక్కా. ప్లేటు మార్చాలె."

"ఆగన్నా. ఒక బేరం తెగకముందే ఇంకోటి పెట్టకు. ముందు పెడల్ సూడు."

వంగి చేత్తో క్లచ్ పెడల్ నొక్కాడు. అది కొంత దిగి టక్కున ఆగిపోయింది. కింద తడిమి, బలంగా లాగాడు. చేతికి బెల్టు ముక్క వచ్చింది.

గనుల్లో బొగ్గు మోసే రబ్బరు బెల్టు పాతబడితే ముక్కలై తుక్కు కొట్లకు చేరుతుంది. మా దగ్గర గడప ముందు పరిచేది అదే, బండ్లు కడిగే చోట పరిచేదీ అదే. నల్లబురదకు కారు లోపల పాడవుతుందని, మ్యాట్ కొనడం దండగని, బొటనవేలంత మందం ముక్కను పెడళ్ల కిందికి కుక్కింది నేనే. మెకానిక్ కూడా దాని మీదే కాలుపెట్టి బండి తిప్పాడు. బెల్టు ముక్క మా ఊళ్లో ఎవరి కంటికీ ఆనదు, అదీ నేలలో భాగమే అనుకుంటారు. పెడల్ అడుగుదాకా పోకపోతే క్లచ్ ఇంజన్‌ను పూర్తిగా వదలదు. తిరుగుతున్న పళ్లలోకి గేరు ఎలా దిగుతుంది?

ముక్క తీసి రివర్స్ వేస్తే చప్పుడే లేదు.

"రోగం గేర్‌బాక్సుల లేదక్కా, నీ పొదుపుల ఉన్నది" అని మెకానిక్ కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత రెండో గేరు వేసి నవ్వు ఆపాడు. అది ఇంకా కొద్దిగా గీరుతోంది. భుజబలంతో తోసి తోసి లోపలి ఇత్తడి రింగును నేనే అరగదీశానట. అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాల్సిందే.

"నేను జెప్పలే?" అన్నాడు బావ, ఆ సాయంత్రం.

"జెప్పిన్రు బావా. అమ్మమని గూడ జెప్పిన్రు. నేనైతే అమ్మను. బతుకమ్మ సరుకు గీ కార్లనే వస్తది."

ఇక లెక్క. బెల్టు ముక్క అరవై. మెకానిక్‌కు మూడు వందలు, అతను నవ్విన నవ్వుకు బేరమాడే ముఖం లేక. అసలైన మ్యాట్ ఎనిమిది వందలు. మొత్తం పదకొండు వందల అరవై. ఆ పద్దెనిమిది వేలు నేను మిగిల్చినవి కావు, ఇంకా కట్టనివి.