కూర్చుని వినాల్సిన పాట

ఈ సాయంత్రం పులివెందుల నుంచి సారు వాట్సాప్‌లో ఒక పాట పంపించారు. పాపకు అన్నం తినిపిస్తూ ఒక చేత్తోనే ఫోను నొక్కాను. ఎవరో ఆడమనిషి, చలాకీ గొంతు, వెనక పియానో పరుగులు తీస్తోంది. నాకెందుకు పంపారో అర్థంకాక ఆపేయబోతుంటే కింద ఆయన రాసిన ముక్క కనిపించింది, మన గోడౌను పాట ఇన్నాళ్ళకు దొరికిందమ్మా అని. ఆ పాట వింటూ పెరిగినదాన్ని నేను. అయినా గుర్తుపట్టలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ప్రొద్దుటూరులో మా నాయన బట్టల అంగడి మీది మేడకు పోవాలి. పాప పడుకుంది కాబట్టి ఇప్పుడు పోవడానికి వీలుంది.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, క్యాసెట్టులో రీలు చిక్కుపడితే పెన్సిలు దూర్చి చుట్టేవాళ్ళం. మా ఇంట్లో ఆ పని నాది. అంగడి సెలవు రోజు మధ్యాహ్నం మేడమీది గోడౌనులో తానులు పక్కకు జరిపి ముగ్గురు మనుషులు టేపురికార్డరు చుట్టూ చేరేవాళ్ళు. ఒకరు నాయన. ఇంకొకరు పులివెందుల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సారు. మూడో ఆయన జమ్మలమడుగు బ్యాండుసెట్టులో శాక్సాఫోను వాయించే మనిషి, నేను మామ అని పిలిచేదాన్ని. అంతకుముందొకసారి చొక్కా గుడ్డ కొనడానికొచ్చిన సారు, వీధిలో పోతున్న పెండ్లి మెరవణిలో మామ వాయింపు విని, చించిన గుడ్డ బల్లమీదే వదిలి మెరవణి వెంట పోయారట. గుడ్డ ఇచ్చొద్దామని నాయన సారు వెంట పోయాడట. అట్లా ముగ్గురూ ఒక చోట కలిశారు.

సారు బెంగళూరులో చదివేటప్పుడు ఆయన గదిలో ఉండే స్నేహితుడికి రికార్డు ప్లేయరూ, జాజ్, బ్లూస్ రికార్డులూ ఉండేవి. ఆ స్నేహితుడు సెలవులకు ఊరికి పోయినప్పుడు సారు వాటన్నిటినీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. ఆ క్యాసెట్లే మా గోడౌనుకు వచ్చాయి. ఏ పాటలో బాకా ఎక్కడ ఏడుస్తుందో, ఎక్కడ నవ్వుతుందో ముగ్గురూ వాదించుకునేవాళ్ళు. బెంగళూరులో ఒక హోటల్లో తాను కళ్ళారా చూసిన జాజ్ కచేరీ గురించి సారు చెప్పిందే చెప్పినా మిగతా ఇద్దరూ కొత్తగా విన్నట్టే వినేవాళ్ళు. కింద నుంచి నాయన తల్లి, మా జేజి, మాత్రం ఎవరు పోయినారని ఈ ఏడుపు అని అరిచేది.

ముగ్గురికీ ప్రాణమైన పాట ఒకటుండేది, ఒక క్యాసెట్టు చివర. బావిలోంచి వచ్చినట్టుండే మగ గొంతు. ఒక్కొక్క మాటా కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. ఆ పాడినాయన ఎట్లా ఉంటాడో ఊహించుకోవడం వాళ్ళకొక ఆట. మూటలు మోసే మనిషంత ఉంటాడని నాయన, గుడ్డివాడై ఉంటాడని సారు, ముందరి పండ్లు రెండు లేవు, గాలి పోతాంది సూడండి అని మామ. అమ్మ నన్ను పడుకోబెట్టలేక ఆ పాట పెట్టమనేది. అది అయిపోయేలోపల నేను తానుల మీదే నిద్రపోయేదాన్ని.

మామ ఆ పాటను శాక్సాఫోను మీద నేర్చుకున్నాడు. మెరవణిలో వాయిస్తే ఊరుకోరు, అక్కడ చిందులేసే పాటలే కావాలి. ఒకరోజు నాయనతో అన్నాడు, "నా జన్మమంతా నడుస్తానే వాయించినానప్పా. ఒక్కతూరి కూచోని వాయించల్ల. ఎదురుగా మనుషులు కూచోని వినల్ల." ఆ మాట ముగ్గురిలోనూ నాటుకుంది. బెంగళూరు స్నేహితుడు గండికోట చూడటానికి వస్తున్నాడని తెలియగానే, అసలు రికార్డులు ఆయనవే కాబట్టి, ఆయన ఎదుటే కచేరీ పెట్టాలని అనుకున్నారు.

ఆ రోజు గోడౌనులో కుర్చీలు వేశారు. నాయన స్నేహితులు వచ్చారు, అమ్మ వచ్చింది, గొణుక్కుంటూ జేజి కూడా మెట్లెక్కింది. మామ బ్యాండు డ్రెస్సు లేకుండా తెల్ల చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటేగానీ వాయిస్తున్నంతసేపూ కాళ్ళు మాత్రం ఉన్నచోటే నడుస్తున్నాయి. పాట అయిపోయాక బెంగళూరు ఆయన మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత ఇది ఎవరి పాటని అడిగాడు. సారు గర్వంగా క్యాసెట్టు పెట్టారు. కొంచెం విని ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. అది మగమనిషి గొంతే కాదట, ఒకామె పాడిందట. వేగంగా తిరగాల్సిన చిన్న రికార్డును పెద్ద రికార్డుల వేగంలో పెట్టి క్యాసెట్టులోకి ఎక్కించారట. అది డాన్సు పాటట.

సారు తల దించుకున్నారు. మామ బెంగళూరు ఆయన్ను, ఆయమ్మ ఎట్లా పాడిందో ఒకసారి చూపించమన్నాడు. ఆయన కుర్చీ చేతిమీద దరువు వేస్తూ నాలుగు ముక్కలు పాడాడు. మామ శ్రద్ధగా విని, "అయితే ఆయమ్మ పెండ్లికి పోతా పాడింది సామీ. నేను పెండ్లి నుంచి తిరిగొస్తా వాయించినా" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి, శాక్సాఫోనును చాలాసేపు తుడిచి పెట్టెలో పెట్టాడు.

ఆ తర్వాత ఆయన గోడౌనుకు రాలేదు. పెండ్లిళ్ళ కాలమని కొన్నాళ్ళు అనుకున్నారు. నాయన జమ్మలమడుగు పోయి పిలిచాడు. తప్పు పాట నేర్చినోన్ని, ఇంక ఏ మొగం పెట్టుకోని వాయించల్ల అన్నాడట. సారు తన తప్పని ఎంత చెప్పినా వినలేదు. పాట క్యాసెట్టులో ఉండిపోయింది, టేపురికార్డరు అటక ఎక్కింది.

నా పెండ్లికి మామ వచ్చాడు, చేతిలో ఆ పాత పెట్టెతో. అప్పటికి మనిషి బాగా వంగిపోయాడు. నన్ను కారెక్కించి సాగనంపబోతుండగా వాకిట్లో ఒక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా అత్తగారి వాళ్ళది మైదుకూరు. పొద్దుపోతోందని వాళ్ళు తొందరపడుతున్నారు, డీజే బండి అప్పుడే మొదలుపెట్టింది. ఒకప్పుడు ఏడుపు పాటలని అరిచిన మా జేజి కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. "ఆ డబ్బా ఆపండప్పా. ఆయప్ప కూచున్నాడు, మీరు గూడా కూచోండి. పాట అయినంక పోదురు."

కూర్చున్నారు. కుర్చీలు చాలనివాళ్ళు అరుగు మీద, మెట్ల మీద. మామ ఆ పాటే వాయించాడు, గోడౌనులో మేము విన్నట్టే, అంత నిదానంగానే. ఈసారి ఆయన కాళ్ళు కదలలేదు. సారు ఒక స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకోవడం కారులోంచి చూశాను.

ఇప్పుడు మామ లేడు. జమ్మలమడుగు బ్యాండుసెట్టూ లేదు, మెరవణి అంటే బండి మీద డీజే పెట్టెలే. ఏ పాట అసలు రూపమేదో నిమిషంలో ఫోను చెప్పేస్తుంది, తప్పుగా వినే అవకాశమే లేదు. మా పాపకు మూడో ఏడు నడుస్తోంది, ఇంకా మాటలు రాలేదు. బిడ్డ ఏ నెలకు ఏం చేయాలో కూడా ఫోనే చెప్తుంది. నిన్న పార్కులో ఒకామె, ఇంకా అమ్మా అనదా అని అడిగింది.

సాయంత్రం అన్నం గిన్నె పక్కన పెట్టి, వేగంతో పాటు శ్రుతినీ దించే యాప్ ఒకటి ఫోనులో వెతికి, పాట వేగం తగ్గించాను. ఆ ఆడమనిషి గొంతు మెల్లగా బరువెక్కి, లోతెక్కి, ముందరి పండ్లు లేని మా మనిషి వచ్చేశాడు. ఇల్లంతా పరుగెత్తే నా బిడ్డ ఆగింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పాట అయిపోయేదాకా ఇద్దరం కూర్చునే విన్నాం.