ఖాళీ వదలకూడని ఐదేళ్లు

విశ్వేశ్వరరావు గారు మా ఆఫీసుకు వచ్చిన మొదటి రోజే ఫారం చదవకుండా సంతకం పెట్టేశారు. అదీ ఆకుపచ్చ సిరాతో! నాకు ఒళ్లు మండింది.

"ఏవండీ, చదవకుండా సంతకాలేంటి? అందులోనూ పచ్చ సిరా! ఇది మీ సచివాలయం కాదు, ఎటోబికో" అన్నాను.

ఆయన నెమ్మదిగా పెన్ను మూత పెట్టారు. "అలవాటమ్మా. పీఏ పెన్సిల్‌తో టిక్కు పెడితే నేను సంతకం చేస్తుంటి" అన్నారు. అంటూ సిగ్గుపడ్డారు. మంత్రిగా చేసిన మనిషి సిగ్గుపడటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. కోపం సగం దిగిపోయింది.

నా పేరు బాలత్రిపురసుందరి. మాది కాకినాడ దగ్గర. ఇక్కడ కెనడాలో ఒక లాయరు దగ్గర ఇరవై రెండేళ్లుగా ఇమ్మిగ్రేషన్ ఫారాలు నింపుతున్నాను. నా టేబుల్ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ పద్దెనిమిదో ఏటి నుంచి ఏ నెలలో ఎక్కడున్నారో, ఏం చేశారో చెప్పాలి. మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ వదలకూడదు. చాలామంది బతుకు అరగంటలో తేలిపోతుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఇంకో ఉద్యోగం, అంతే. ఈయనకు మాత్రం మూడు వారాలు పట్టింది.

ఆయన కూతురు ధాత్రి హామిల్టన్‌లో నర్సు. తల్లి సూర్యకుమారి పోయాక తండ్రిని, తల్లిదండ్రులు కొన్నేళ్లు ఉండిపోయేందుకిచ్చే సూపర్ వీసా మీద తెచ్చుకుంది. రెండేళ్లు గడిచాయి, ఇప్పుడు పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి అప్లై చేస్తోంది. ఆయనకు ఇక్కడ ఉండిపోవాలని ఉంది. ఎందుకో ఆయనే చెప్పారు. రోజూ పొద్దున తొమ్మిదేళ్ల మనవరాలు స్వీటీని స్కూల్ బస్సు దాకా నడిపించి వస్తారట. బూట్ల లేసులు కట్టడం ఆలస్యమైతే అది "తాతా, యూ ఆర్ లేట్" అని అరుస్తుందట.

"ధాత్రి పలక పట్టుకొని బడికి పోయినప్పుడు నేను లేనమ్మా. ఎన్నడూ లేను. ఇదొక్కటన్న చూడనీ" అన్నారు.

అసలు చిక్కు 1974 నుంచి 1979 వరకు ఉన్న ఐదేళ్లతో వచ్చింది. ఆ ఐదేళ్లూ ఆయన అజ్ఞాతంలో ఉన్నారు. భుజాన తుపాకీ, పేరు మల్లేశం. 1977 చివర్లో ఓ వారం దొంగచాటుగా వచ్చి పోవడం తప్ప ఇల్లు చూసింది లేదు. తరవాత లొంగిపోయారు, కేసులు కొట్టేశారు. ఎన్నికల్లో నిలబడి గెలిచారు, పద్దెనిమిది నెలలు చిన్ననీటి పారుదల మంత్రిగా ఉన్నారు. మంత్రి పదవి గురించి రాస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆయుధాలు పట్టిన సంస్థలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. మా లాయరు దాపరికం లేకుండా చెప్పేశాడు. అవును అని రాస్తే బహుశా ఉండనివ్వరు. కాదు అని రాసి దొరికితే అబద్ధం కింద ఐదేళ్లు నిషేధం. దొరక్కపోతే మనవరాలితో హాయిగా ఉండొచ్చు.

"మల్లేశం ఎవరో ఈ దేశంలో ఎవడికి తెలుసు ఆంటీ?" అంది ధాత్రి ఫోన్లో. "యాభై ఏళ్ల కిందటి తెలుగు పేపర్లు ఎవడు తిరగేస్తాడు? వ్యవసాయం అని రాసేయండి."

రాయడం నాకేం పెద్ద పని? కానీ ఆయన ఒప్పుకుంటేగా! "ముందు ఉన్నది ఉన్నట్టు రాస్తనమ్మా, తరువాత చూద్దాం" అన్నారు. తెల్లకాగితాలు తీసుకొని తెలుగులో ఒక్కో నెల గురించీ రాయడం మొదలుపెట్టారు.

మంగళవారం మధ్యాహ్నాలు వచ్చి, తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చునేవారు. బయట బూట్లు మ్యాట్ మీద వీధి వైపు తిప్పి విడిచేవారు. "ఇక్కడ మిమ్మల్ని ఎవడు పట్టుకుపోతాడండీ?" అని ఏడిపిస్తే నవ్వేవారు. కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదట. రాస్తూ రాస్తూ పెన్ను ఆపి కబుర్లలోకి వెళ్లిపోయేవారు. మోదుగు పూసిన అడవి, రాత్రంతా నడిచి తెల్లారి వాగులో కాళ్లు పెడితే వచ్చే సుఖం, అందరూ కలిసి ఒకే గిన్నెలో తాగిన అంబలి. ఆయన చెబుతుంటే ఎదురుగా ఉన్న కంప్యూటర్ సంగతి మరిచిపోయేదాన్ని. ఆ రోజుల్లో నేను ఏడో తరగతి. మా ఊరి గోడల మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే నాన్నగారు నా చేయి పట్టుకుని గబగబా నడిపించేవారు. ఆ అక్షరాలు రాసిన బాపతు మనిషి ఇన్నేళ్లకు నా ముందు కూర్చుని పక్క కొట్టు టిమ్ హార్టన్స్ టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. నాకెందుకో ఆ గోడలూ, మా నాన్నగారూ, ఆ ఎండా అన్నీ ఒక్కసారి కావాలనిపించింది.

బుదవ్వ గురించి చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. ఆమె తన ఇంట్లో ఆయన్ను రెండు నెలలు దాచింది. జ్వరం వస్తే గంజి తాగించింది. పదేళ్ల తరవాత ఆయన అదే ఊరికి మంత్రిగా, ఎర్రబుగ్గ కారులో వెళ్లారు. చెరువు కట్ట మీద జనంలో బుదవ్వ చేయెత్తి "మల్లేశం!" అని పిలిచింది. పోలీసు ఆమెను వెనక్కి నెట్టాడు.

"మరి మీరు దిగలేదా?" అన్నాను.

"దిగలే. ముందు ఊర్ల సభ ఉండె, ఆలస్యమైతున్నది. మళ్లొచ్చి కలుద్దామనుకున్న. కలవలే. ఆమె పోయింది." పెన్ను కాగితాల మీద పెట్టారు. "ఇప్పుడు కాగితం మీద కూడ ఆ ఐదేండ్లు లేవంటే, బుదవ్వను రెండోసారి నెట్టినట్టే కదమ్మా."

టీ చల్లారింది, ఇంకోటి తెప్పిస్తానని లేచాను.

మూడో వారం శనివారం ధాత్రి వచ్చింది, ఆయన్ను వెంటబెట్టుకుని. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ముఖం పీక్కుపోయింది. కాగితాల కట్ట చూడగానే మండిపడింది.

"ఏంటాంటీ ఇదంతా! ఈయన మా అమ్మను వదిలేసి అడవి పట్టుకుని తిరిగాడు. తరవాత పార్టీ పట్టుకుని తిరిగాడు. ఇప్పుడు నా దగ్గర ఉండే వీలుంటే దాన్నీ పోగొట్టుకుంటానంటాడు! ఎప్పుడూ ఎవరో బుదవ్వలే. నేనెప్పుడు?"

ఆయన కుర్చీలో తల వంచుకుని కూర్చున్నారు. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా కోపమొచ్చింది. కట్ట ధాత్రి ముందుకు తోసి, చేతికి పెన్ను ఇచ్చాను.

"అమ్మా, కొట్టెయ్యాలంటే నువ్వే కొట్టెయ్. నా చేత్తో నేను కొట్టను."

కొట్టేసింది కూడా. 1974లో ఊళ్లన్నీ కొట్టేసింది. 1975, 76, 77. పెన్ను కాగితాన్ని చీరేస్తుందేమో అన్నంత గట్టిగా గీస్తోంది. 1978 ఆగస్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ధాత్రి పుట్టింది ఆ నెలలోనే.

అక్కడ ఆయన రాసింది ఇదీ. "తాలూకా ఆసుపత్రి. పాలవాడి వేషం, చేతిలో క్యాను. వరండా కిటికీ దగ్గర పది నిమిషాలు. బిడ్డ ఎడమ చేయి గుడ్డలోంచి బయటపెట్టి నిద్రపోతున్నది. సూర్య కూడా నిద్రలో ఉన్నది. నర్సు ఎవరి తాలూకని అడిగితే ఎవరి తాలూకూ కాదని చెప్పి వచ్చేసిన."

ధాత్రి ఆ నాలుగు లైన్లూ ఎన్నిసార్లు చదివిందో నాకు తెలియదు. చివరికి తలెత్తకుండానే అడిగింది.

"అమ్మకు తెలుసా?"

"తెలవదు బిడ్డా. ఆ రోజు వచ్చిన్నని చెప్తే రోజూ ఎదురుచూస్తదని చెప్పలే."

"నాకైనా చెప్పొచ్చుగా! నలభై ఆరేళ్లు నాన్నా! నువ్వు రాలేదనే అనుకున్నా."

ఆమె ముఖం తుడుచుకుని నన్ను కొత్త కాగితాలు అడిగింది. తను కొట్టేసిన లైన్లన్నీ ఒక్కొక్కటే తన చేత్తో మళ్లీ రాసింది. ఊళ్ల పేర్లు అర్థం కాని చోట ఆగి తండ్రిని అడిగింది. ఆయన చెబుతుంటే రాసుకుంది. నాకు కళ్లు కనిపించక అద్దాలు తుడుచుకున్నాను. అవును అన్న చోట టిక్కు పెట్టి అప్లికేషన్ పంపాం.

ఏడాదిన్నరకు జవాబు వచ్చింది. ఉండనివ్వరట. ఆ ఉత్తరం నేను చదివి వినిపిస్తే, వాళ్లిద్దరూ నిబ్బరంగానే ఉన్నారు. "ఏంటండీ మీరు, ఒక్క అబద్ధం ఆడితే పోయేదిగా!" అని ఉండబట్టలేక అనేశాను. ధాత్రే మాట్లాడింది.

"లేదాంటీ. ఆ అబద్ధంలో, నేను పుట్టిన నెలలో ఈయన ఎక్కడో పొలం దున్నుతుండేవాడు."

పోయిన నెల ధాత్రి ఆయన్ను ఇండియా విమానం ఎక్కించి వచ్చింది. స్వీటీ సెలవులకు తనకూ, స్వీటీకీ ఆయన దగ్గరికి టికెట్లు బుక్ చేసింది. ముందు ముగ్గురూ ఆ తాలూకా ఆసుపత్రికి వెళతారట. అది ఇంకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.