మిరపకాయల గదిలో దగ్గు

ఈరోజు పొద్దున తిరువూరులో డాక్టరమ్మ ముందు కూర్చుని నేనొక అబద్ధం ఆడాను. మూడు వారాలుగా మా ఆవిడకి పగలంతా బాగానే ఉండి, రాత్రి పక్క మీద వాలగానే దగ్గు తెరలు తెరలుగా వస్తోంది, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. పడుకునే గదిలో దుమ్ముగానీ ఘాటుగానీ ఉందా అని డాక్టరమ్మ అడిగితే, మా ఆవిడ నోరు తెరిచేలోపే "అబ్బే, ఏం లేదండీ" అనేశాను. ఆ గదిలో మంచం పక్కనే పన్నెండు మిరపకాయ బస్తాలున్నాయి. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరక్క, బయట పెడితే మంచుకి రంగు పోతుందని నేనే పేర్పించాను. పెళ్ళాన్ని మిరపకాయల పక్కన పడుకోబెడుతున్నానని చదువుకున్న మనిషి ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆసుపత్రి మెట్ల మీద మా ఆవిడ ఆగిపోయింది. "అబద్ధం బానే ఆడారు. ఇంక వినండి. ఆ బస్తాలన్నా బయటికి పోవాలి, మీరన్నా పోవాలి. నేను మాత్రం నా మంచం దిగను. ఏమాటకామాట, బస్తాలు గురకైతే పెట్టవు."

ఆటోలో ఇంటికొస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. మిరప వేసిన ఇళ్ళల్లో పెరిగిన నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు, కల్లంలో ఎండిన కాయ ఇంటికి చేరిందంటే మంచాల కిందా తలుపుల వెనకా బస్తాలే, ఇంటిల్లిపాదికీ తుమ్ములే, తినే అన్నంలోనూ ఆ ఘాటే. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే పెనుగొలనులోని మా పాత ఇల్లు కళ్ళ ముందుకొస్తుంది. ఆ రోజుల్లో అమ్మకీ ఇదే దగ్గు. మా నిద్ర చెడుతోందని నాన్న ఆమె మంచాన్ని వసారాలోకి మార్పించాడు. ఒక పక్క మంచం కోళ్ళు పట్టుకుని మోసినవాణ్ణి నేనే. బస్తాలు లోపల, అమ్మ బయట. ఆమె మారుమాట్లాడకుండా దుప్పటి చంకన పెట్టుకుని మా వెనకే నడిచొచ్చింది, దగ్గు లోపలికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. అది అమ్మ ఓర్పని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ఓర్పు కాదు, ఎదురు చెప్పే వీలు మేమే ఇవ్వలేదు.

మధ్యాహ్నం చొక్కా విప్పి బస్తాలు వసారాలోకి లాగుతుంటే మా తమ్ముడు వచ్చాడు.

"రంగు పోద్ది అన్నయ్యా. నాలుగు రోజులు వదినే హాల్లో పడుకోవచ్చుగా?"

"పోతే పోనీరా. ఆవిడ మంచం మాత్రం కదలదు."

గదంతా కడిగి, కిటికీలు తీసిపెట్టి, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఉన్నమాట చెప్పాను. ఆమె కోప్పడింది, మాటలు పడ్డాను. వారంలో తగ్గకపోతే పరీక్షలు చేయించాలి, తీసుకురండి అంది.

కదిలింది నా మంచం ఒక్కటే. వసారాలో బస్తాలకి కాపలాగా పడుకుని ఇది రాస్తున్నాను. పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాయి, కల్లాల్లో టార్పాలిన్ పట్టాలొచ్చాయి, కొంగు నోట్లో కుక్కుకునే ఆడవాళ్ళు పోయారు, మంచిదే. కానీ అమ్మ నోటి నుంచి కూడా 'నా మంచం దిగను' అన్న మాట ఒక్కసారి విని, ఆ మంచాన్ని మళ్ళీ లోపలికి మోసుంటే బాగుండేది. బస్తాలు కదిపేసరికి రేగిన ఈ ఘాటుకి నాకప్పుడే దగ్గు మొదలైంది. లోపలి నుంచి ఆవిడ దగ్గు మాత్రం ఇంకా వినపడలేదు.