సింహాసనం మీద బెల్లం దిమ్మ

డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కాలేజీ గుమ్మం తొక్కలేదు కాబట్టి ఈ కబురు ఆటోవాళ్లతో సహా అందరికీ చెప్పేశాను. కానీ అంతకన్నా తియ్యటి కబురు ఇంకోటి ఉంది. పగ తీరింది. అది చెప్పేదాకా నాకు అన్నం సహించేలా లేదు.

మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీ. ఇరవై ఏళ్లు దిమ్మలు మోశాడు. రెండేళ్ల క్రితం ఒక షావుకారు పంపిన లారీలో ఒక దిమ్మ పైకి పచ్చగా, లోపల నల్లగా తేలింది. కొన్నవాడు గొడవకొచ్చాడు. షావుకారు యార్డు మధ్యలో వేలం ఆపించి మరీ నాన్న వైపు వేలు చూపించాడు.

"నానిచ్చింది మొదటి రకం. మోసినోడే మార్చేసేడు."

ఆ తర్వాత ఏ కొట్టువాడూ నాన్నని పనికి పిలవలేదు. పరవాడలో ఒక కంపెనీలో గడ్డి పీకే పనికి కుదిరాడు. సాయంత్రం బస్సు దిగి, మార్కెట్ వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. ఆ చుట్టుదారి నేను మర్చిపోలేదు.

ఆఖరి ఏడాది మేడం నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నాటకాలు చెప్పారు. వాళ్లకి పగంటే ఎంత మక్కువో. రాజును చంపినవాడు గద్దెనెక్కుతాడు. చచ్చినవాడు దెయ్యమై వచ్చి బిడ్డని పురమాయిస్తాడు. ఆ బిడ్డ హంతకుడి ముందే నాటకం వేయించి, వాడి గుట్టు వాడిచేతే కక్కిస్తుంది. క్లాసంతా కునుకు తీస్తుంటే నేను ముందు బెంచీకి మారాను.

"ఇలాంటిదే ఒకటి మన కాలానికి మార్చి, నవ్వొచ్చేలా రాయండి, వార్షికోత్సవానికి వేద్దాం" అన్నారు మేడం. నేను రాశాను. రాజ్యం బెల్లం మార్కెట్. కిరీటం తలపాగా. దెయ్యం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది, సరిగ్గా హంతకుడి పేరు దగ్గర నెట్‌వర్క్ పోతుంది. చచ్చిపోయిన రాజుగారి బదులు సింహాసనం మీద బెల్లం దిమ్మ. ఇక వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఆ షావుకారే. కాలేజీకి ఫ్యాన్లిచ్చిన పుణ్యానికి ప్రతి ఏడూ ఆయనే.

ఆ రోజు పొద్దున్నే ఆయన కొట్టుకే వెళ్లాను. ఒక్కో దిమ్మనీ వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టాను. రంగు కోసం మందు కొట్టిన దిమ్మ బొంగురుగా మూలుగుతుందని చిన్నప్పుడు నాన్న నేర్పాడు.

"ఏటమ్మా, తలుపు కొట్టినట్టు కొడతన్నావు?" అన్నాడు గుమాస్తా.

"రాజు కోసవండి. పిలిత్తే పలకాలి కదా."

బొంగురుగా పలికినదాన్నే తీసుకున్నాను. 'మొదటి రకం' అని కొట్టు పేరుతో అంటించిన చీటీ ఉన్న వైపు కిందికి పెట్టి, స్టేజీ మీద సింహాసనంలో కూర్చోబెట్టాను.

రెండో రంగానికల్లా రాజుగారికి చీమలు పట్టాయి. రాణి ఏడుస్తూ చేతులు గోక్కుంటుంటే హాలంతా నవ్వులు. పగబట్టిన కూతురి వేషం నాది. చిన్న గునపంతో దిమ్మ పగలగొట్టాను. లోపల నలుపు.

"ఈ సభలో బెల్లం తెలిసినోళ్లెవరైనా ఉన్నారా?"

పగిలిన దిమ్మ కళ్లబడితే రుచి చూడకుండా ఉండగలిగే షావుకారు మా ఊళ్లో పుట్టలేదు. నేను నమ్ముకున్నది అదే. మెడలో దండతోనే స్టేజెక్కాడు. చిటికెడు నాలిక మీద వేసుకుని రుమాల్లో ఉమ్మాడు.

"మూడో రకం. పైన మందు కొట్టి పచ్చ సేసేరు. ఇది మొదటి రకమని అమ్మినోడు దొంగ."

"మోసినోడు మార్చేసేడేమో, బాబూ" అన్నాను మైకు ఆయన ముందు పెట్టి.

"మోసినోడికేటి తెలుత్తాది? ఇది కొట్లో జరిగే పని."

దిమ్మ తిప్పి చీటీ చూపించాను. నేనే పైకి చదివి, "మీ కొట్లోదేనండి. పొద్దున్న నానే తెచ్చేను. ఇది మా నాన్న మొయ్యలేదు" అన్నాను.

నేను పిలిస్తే నాటకానికొచ్చి వెనక వరసల్లో కూర్చున్న కలాసీలు లేచి నిలబడ్డారు. ఆయన దండ తియ్యకుండానే వెళ్లిపోయాడు. ఆ గోలలో, చివరి రంగంలో చావాల్సిన ముగ్గురు చావడం మర్చిపోయారు.

మర్నాడు గుమాస్తా ఇంటికొచ్చాడు. "పనిలోకి రమ్మంతన్నారు మామా. జరిగిందేదో జరిగిపోనాది."

"యార్డు నడిమధ్యన అన్నాడు. అక్కడే అనమను" అన్నాడు నాన్న, తల తిప్పకుండా.

షావుకారు ఒప్పుకోలేదు. కానీ కొనేవాళ్లు ఆయన దిమ్మల్ని మాత్రం కణుపులతో కొట్టి చూడ్డం మొదలుపెట్టారు. అలా మూడు నెలలు. ఆఖరికి మా రిజల్ట్స్ వచ్చిన రోజే నాన్ననీ నన్నూ యార్డుకి పిలిపించి, వేలం ఆపించి, నేల చూస్తూ, "ఇతను మార్చలేదు. తప్పు నాదే" అన్నాడు.

"వినబళ్లేదు బాబూ" అన్నాడు వెనకనించి కలాసీల మేస్త్రీ.

మళ్లీ అన్నాడు. మూడోసారి నేను అడగబోతుంటే నాన్న నా చెయ్యి నొక్కాడు. షావుకారు కొట్టు దాటి, పక్క కొట్టులో దిమ్మ ఎత్తి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం మార్కెట్ వీధిలోంచే ఇంటికి నడిచాం. ఆ షావుకారు కొట్టు ముందు నాన్న ఆగి, అవసరం లేకపోయినా చెప్పు సరిచేసుకున్నాడు.