చుక్క తరువాత

జ్ఞానకుమారి నర్సు. బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి చాలా ఏళ్లయింది. రోగులను ఎత్తీ దించీ నడుము పాడైంది. ఇక వార్డు పని కుదరదన్నారు. ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. రోగుల వివరాలు చూపే చిన్న పేజీని జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో తానే రాసి సోమవారం చూపిస్తే అది ఆమెది. లేకపోతే ఉద్యోగం ఉండదు.

ఆదివారం చర్చి నుంచి ఢిల్లీ ద్వారకలోని ఇంటికి రాగానే, చీరైనా మార్చుకోకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది. చర్చిలో బైబిల్ వాక్యం చదివేది ఆమే. కామా దగ్గర ఎంత ఆగాలో, చుక్క దగ్గర గొంతు ఎలా దించాలో తెలిసిన మనిషి.

రాసింది. నడిపింది. తెర మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. అనుకోని చోట ముగిసిపోయిందని వాటి అర్థం.

"ముగించింది నేనే కదే! చుక్క కూడా పెట్టాను," అంది కూతురితో.

ఎల్సా ఢిల్లీలోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఎక్కువగా హిందీలోనే.

"ఫుల్‌స్టాప్ క్యోం డాలా, మమ్మీ? బైబిల్ థోడీ హై!"

"బైబిల్ కాదు సరే, వాక్యం అయిపోతే చుక్క పెట్టొద్దా?"

"యహాఁ నహీ. చివర సెమీకోలన్ పెట్టు. చుక్క అంటే, అందర్ దేఖో."

"లోపల చూడాలా? దేని లోపల?"

"వో కర్లీ బ్రాకెట్ కే అందర్."

"ఫ్లవర్ బ్రాకెట్ అనవే. మేమలాగే నేర్చుకున్నాం."

"ఫ్లవర్!" ఎల్సా పడీపడీ నవ్వింది.

జ్ఞానకుమారి నవ్వలేదు. ఆ బ్రాకెట్ల మధ్య ఒక రోగిని రాసి, దానికి 'రోగి' అని పేరు పెట్టింది తనే. పేరు, మంచం, జ్వరం. ఒక్కోదాని పక్కన కోలన్, ఆ పక్కన దాని వివరం. ఇప్పుడు చివరి వరుసంతా చెరిపేసి, 'రోగి' అని మళ్లీ కొట్టి, చుక్క పెట్టింది.

కింద చిన్న గడి తెరుచుకుంది. అందులో పేరు, మంచం, జ్వరం.

ఆమె వేలు కదపలేదు. ఇన్నాళ్లూ ఆ గుర్తు దగ్గర గొంతు దించింది. ఇక్కడ దాని అవతల మనిషి ఉన్నాడు. ఇందాక యంత్రం తప్పు పట్టలేదు. చుక్క పెట్టావు, తరువాత ఏమిటని ఎదురుచూసింది.

పేరు ఎంచుకుంది. సెమీకోలన్ పెట్టింది. నడిపింది.

వీరరాఘవులు.

తెల్లటి తెర మీద ఆ ఒక్క పేరు. వార్డులో ఎందరి పేర్లో పిలిచింది. ఏ పేరూ ఇలా పలకలేదు.

"హో గయా, మమ్మీ! జాబ్ పక్కీ. సేవ్ కర్‌కే ఖానా ఖాలో."

"తింటాలే ఉండవే," అంది జ్ఞానకుమారి మెల్లగా, మళ్లీ చుక్క పెడుతూ. "ఆయన జ్వరం చూడలేదింకా."