పుస్తకానికి అంటిన కారం

ఎనభైలనాటి మాట. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో, మిరప కల్లాల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరే కూలికి వెళ్తూ, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివేదాన్ని. "ఏమే, ఇంగ్లీషులో చెబితే తాలుకాయ ఎర్రబడుద్దా?" అని మా అత్త ఆటపట్టించేది. వ్యాకరణం, కొత్త మాటలు అన్నీ అలా సొంతంగా నేర్చుకున్నవే.

గుంటూరు కాలేజీలో సీటుకు పరీక్ష పెట్టారు. రాతపరీక్ష బాగా రాశాను. చివరగా లెక్చరరు గారి ఎదుట పైకి చదవాలి. అందుకు ఆ గ్రంథాలయం పుస్తకమే పట్టుకెళ్లాను.

"నీకు ఇంగ్లీషు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ లేరండి. ఈ పుస్తకం మొత్తం నేనే చదువుకున్నానండి."

"మొత్తమా? అందరూ అలాగే అంటారు. ఏదీ, ఇలా ఇవ్వు."

ఆయన వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పారు. మళ్లీ అద్దుకున్నారు. మూడోసారికి ముఖం కందిపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. సీటు పోయిందనుకున్నాను.

"ఏం పూశావమ్మా దీనికి?" అన్నారు దగ్గుతూ.

"మిరపకాయలు ఏరుతూ చదివానండి. చేతులు తుడుచుకునే తిప్పేదాన్నండి..."

ఆయన నీళ్లు తాగి, ఈసారి వేలు తడపకుండా పేజీలన్నీ చూశారు. ఆఖరి పేజీ అంచున కూడా నా ఎర్రటి వేలిముద్ర ఉంది.

"మొత్తం చదివావులే," అని నవ్వారు. "ఇక పైకి చదువు, విందాం."

చదివాను. సీటు వచ్చింది. నా చదువుకు ఆ రోజు సాక్ష్యం పలికింది ఆ కారమే. అయినా ఇప్పటికీ ఎవరైనా వేలు తడుపుకుని పేజీ తిప్పబోతే నా గుండె ఝల్లుమంటుంది.